ఇన్నేళ్ళూ ఏం చేశారు?

ప్రియమైన పిచ్చుకకి,

పెళ్ళయి ఇద్దరు పిల్లల తల్లివైనా నేనింకా పిచ్చుకా అనే పిలుస్తానని మీ ఆయన నవ్వుకుంటాడని తెలుసు. నవ్వుకోనీ. ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పాలనుకున్నది సగం మింగేస్తాను. అందుకే రాస్తున్నాను.

మీ అన్నయ్య నడుం సంగతి నీకు తెలిసిందే. ప్రెస్సులో కాయితం కట్టలు ఎత్తుతూ పడినప్పుడు, రెండు వారాల్లో లేచి తిరుగుతారనుకున్నాం. ఇప్పుడు డాక్టరు ఆరునెలలైనా పడుతుందనీ, అప్పటిదాకా బరువన్నది ముట్టుకోవద్దనీ తేల్చేశాడు. తన పనులు తను చేసుకుంటున్నారు, గోడ పట్టుకుని మెల్లగా నడుస్తున్నారు. అంతే. ముందు గదిలో ఆయన, వెనక గదిలో అత్తయ్య, మధ్యలో నేను. జీతం ఆగిపోయింది కాబట్టి ఆ మధ్యలో ఉన్న మనిషే ఇప్పుడు బయటికి వెళ్ళాలి.

అందుకని పని వెతుక్కుంటున్నాను. పక్కింటావిడ వచ్చి రెండు గంటలు అత్తయ్య దగ్గర కూర్చుంటే, ఆ రెండు గంటల్లో కాళ్ళరిగేలా తిరిగి వస్తున్నాను. బట్టల షాపు మేనేజరు నా నెరిసిన జుట్టు వైపు చూసి, "రోజంతా నిలబడాలమ్మా" అన్నాడు. "మా ఇంట్లో కూర్చునేదెప్పుడు గనక" అన్నాను. నవ్వాడు. కబురు చేస్తామన్నాడు. ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది.

ఒక స్కూలు ఆఫీసులో ఖాళీ ఉందంటే వెళ్ళాను. నా వయసులో సగం కూడా లేని అమ్మాయి ఎదురుగా కూర్చుని, కంప్యూటర్ వచ్చా అని అడిగింది. ఆన్ చేయడం వచ్చన్నాను. ఆ పిల్లకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. తర్వాత నా కాయితం చూసి, "పెళ్ళికి ముందు విత్తనాల కంపెనీలో గుమాస్తాగా చేశారు, పెళ్ళయ్యాక కూడా కొన్నాళ్ళు చేశారు. ఆ తర్వాత ఏమీ లేదే. ఇన్నేళ్ళూ ఏం చేశారు?" అంది.

"ఏమీ చెయ్యలేదండీ, ఇంట్లోనే ఉన్నాను" అన్నాను.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తెలుసా. ఇంటికొచ్చి అత్తయ్యని పక్కకి తిప్పి, వీపు తుడిచి పౌడరు రాస్తుంటే గుర్తొచ్చింది. ఆవిడకి పక్షవాతం వచ్చి పద్నాలుగేళ్ళు. ఆ పద్నాలుగేళ్ళనీ కొత్త మనిషి ముందు "ఏమీ లేదు" అనేసి వచ్చాను. ఆవిడ మొహం చూడలేక దువ్వెన వెతికే నెపం మీద లేచి వెళ్ళిపోయాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళని చూసుకోవడానికి మనుషుల్ని పంపే ఆఫీసు ఒకటుంది. అక్కడి మేడమ్ మాత్రం, "పద్నాలుగేళ్ళ అనుభవమా, రేపే వచ్చెయ్యండి" అంది. ఊరంతట్లో నేను పనికొస్తానన్న మనిషి ఆవిడొక్కతే. ఎవరి అమ్మకో ఒళ్ళు తుడవడానికి మన అమ్మని వదిలి వెళ్ళాలా? వస్తాననీ రాననీ చెప్పకుండానే మెట్లు దిగి వచ్చేశాను.

పిల్లలకి ముద్దులు.

నీ
వదిన

*

ప్రియమైన వదినకి,

ఇంకోసారి ఎవరైనా ఏం చేశావని అడిగితే ఏమీ చెయ్యలేదని అనకు. ఏం చేశావో చెప్పు. వాళ్ళకి అర్థం కాకపోతే అది వాళ్ళ ఖర్మ. నీ మాటతీరుకి ఎదుటి మనిషి కరగకుండా ఉండడు. చిన్నప్పుడు నన్ను పరీక్షకి పంపడానికి అమ్మ కర్ర పట్టుకునేది, నువ్వొచ్చాక ఒక్క మాటతో పంపేదానివి.

ఇక్కడ మామూలే. మా ఆయనకి నైట్ డ్యూటీలు, పగలంతా నిద్ర. నా కుట్టు మిషను చప్పుడుకి లేస్తాడని, ఆయన పడుకున్నంతసేపూ చేత్తో చేసే పనులు పెట్టుకుంటాను. మూడో అంతస్తు మెట్లెక్కలేక ఈమధ్య నా దగ్గరికి జాకెట్లు ఇచ్చేవాళ్ళు కూడా కింది నుంచే కేకేస్తున్నారు. తాడుకి సంచీ కట్టి దింపుతున్నాను.

నీకు పని దొరికితే పగలు అమ్మ దగ్గర ఎవరుంటారన్నది నువ్వు రాయలేదు. నేనూ అడగలేదని నువ్వు గమనిస్తావు.

ఉంటాను.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

దొరికింది. నా గొప్పతనమేమీ లేదు. ఒక పార్సిల్ ఆఫీసు సూపర్‌వైజరు ఉన్నమాట మొహం మీదే చెప్పేశాడు: "ముందు తీసుకున్న అమ్మాయి రానంది. సోమవారం నుంచి రాగలరా?" ఇన్నేళ్ళూ ఏం చేశారని కూడా అడగలేదు. వస్తానన్నాను.

పని ఇదీ. చిరునామా సరిగ్గా లేక తిరిగొచ్చిన పెట్టెలన్నీ ఒక గదిలో పడి ఉంటాయి. వాటి మీదున్న నంబరుకి ఫోన్ చేసి, ఇల్లెక్కడో కనుక్కుని, బండి మీద తీసుకెళ్ళేవాళ్ళకి తెలిసేలా రాసివ్వాలి. ఇంతే. దీనికి చదువేం కావాలి, ఓపిక ఉంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. పక్కింటావిడ రెండు గంటలంటే కూర్చుంటుంది గానీ, రోజంతా ఎలా కూర్చుంటుంది? మీ అన్నయ్య అత్తయ్యని లేపలేరు, లేపగలిగినా కొడుకు చేత స్నానం చేయించుకోవడానికి ఆవిడ ఒప్పుకోరు. పిచ్చుకా, అత్తయ్యని అవసరం ఉన్నన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకుంటావా? మూడో అంతస్తని తెలుసు. మీ ఆయన నిద్ర సంగతి తెలుసు. అన్నీ తెలిసే అడుగుతున్నాను. నిన్నెప్పుడూ ఏదీ అడగలేదంటే అది నా మంచితనం కాదు, అడగడం చేతకాక. ఇప్పుడూ చేతకావడం లేదు, చూడు, ఒక పేజీ నింపితే గానీ అడగలేకపోయాను.

ఆవిడతో మాత్రం, "కూతురింటికి చుట్టపుచూపుగా వెళ్ళొద్దురు" అన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నారు. స్టవ్ మీద పాలు పొంగుతున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను. స్టవ్ మీద ఏమీ లేదు.

మీ అన్నయ్య ఆదివారానికి కారు మాట్లాడారు. కాదనాలంటే ఈలోపే ఫోన్ చెయ్యి.

నీ
వదిన

*

ప్రియమైన వదినకి,

అమ్మ వచ్చి నెల కావస్తోంది. ఉత్తరం రాద్దామనుకున్నప్పుడల్లా చేతిలో ఏదో ఒక పని ఉంటోంది.

ఆరోజు కింది షాపు కుర్రాళ్ళిద్దరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. అమ్మ తన సంచీని ఒళ్ళో పెట్టుకుని, మంచి చెయ్యితో గట్టిగా పట్టుకుంది. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు తలుపు తీసి చూశారు. పైకొచ్చాక, "నీ పెళ్ళిలో కూడా ఇంత మంది నన్ను చూడలేదే" అంది. నవ్వుతూ అందో, కోపంగా అందో నాకు తెలీలేదు.

వదినా, నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను బట్టలు కుట్టి బతుకుతున్న మనిషిని. మొదటిరోజు మా అమ్మకి జాకెట్టు తొడగడం రాలేదు నాకు. మంచి చెయ్యి ముందు దూర్చి, రెండో చెయ్యి ఎలా తేవాలో తెలీక లాగుతుంటే, "పడిపోయిన చెయ్యి ముందు తొడగాలే" అంది, కళ్ళు మూసుకుని. ఏడాదికి రెండుసార్లు పళ్ళు పట్టుకుని వచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పి వెళ్ళేదాన్ని. ఆ జాకెట్టు పొద్దున్నే ఎవరు తొడిగారో ఒక్కసారైనా ఆలోచించలేదు.

నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మ నిద్రపోతోందని చెబుతున్నాను కదా. నిద్రపోవడం లేదు. ఫోన్ మోగగానే కళ్ళు మూసుకుంటుంది. నేను పెట్టెయ్యగానే తెరుస్తుంది. నీ గురించి మంచీ అనదు, చెడ్డా అనదు. అదే నాకు భయంగా ఉంది.

నా సంగతికేం. నడుం నొప్పి అంటే ఏమిటో అన్నయ్యకి ఇప్పుడు నేను చెప్పగలను.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

కళ్ళు మూసుకుంటున్నారని రాసి మంచిపని చేశావు. నాకు తెలియాల్సిందే. ఆవిడ మాట్లాడకపోతే నాకు తిట్టినట్టే. తిడితే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

పని సంగతి అడిగావా, అడగలేదు, అయినా చెబుతాను. నిన్న ఒకావిడకి ఫోన్ చేసి, "మీ ఇల్లెక్కడండీ" అంటే, "అందరికీ తెలుసు కదమ్మా" అంది. ఇంకొకాయన కుక్క ఉన్న ఇల్లన్నాడు. ఆ వీధిలో ఎన్ని కుక్కలున్నాయని అడిగితే, "మాది అరవదు" అన్నాడు. బండి నడిపే అబ్బాయి అరవని కుక్కని వెతుక్కుంటూ వెళ్ళి, పార్సిల్ ఇచ్చి, కరిపించుకుని వచ్చాడు. ఆఫీసంతా నవ్వులే నవ్వులు. ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగినా నాకు విసుగు రాదని సూపర్‌వైజరు ఆశ్చర్యపోతున్నాడు. నాకు టేబుల్‌కి ఒక సొరుగు ఇచ్చారు. అందులో ఏం పెట్టుకోవాలో తెలీక, దువ్వెన ఒకటి పెట్టాను.

మధ్యాహ్నం డబ్బా విప్పి, కూర్చుని తింటాను. మధ్యలో ఎవరూ పిలవరు. సాయంత్రం ఒక స్టాప్ ముందే బస్సు దిగి నడుస్తున్నాను. ఎవరి మందుల వేళా కాదు, ఎవరూ తడిసిపోయి ఎదురుచూస్తూ ఉండరు. నిన్న అలా నడుస్తూ, ఏదో పాట కూనిరాగం తీస్తున్నానని నాకే వినిపించింది. టక్కున ఆపేశాను. ఇంటికెళ్ళి అత్తయ్య గదిలో దీపం వేస్తే, ఆవిడ మంచం మీద దుప్పటి నేను పరిచినది పరిచినట్టే ఉంది. అక్కడ మూడో అంతస్తులో నీ నడుం విరుగుతోంది. ఇక్కడ నేను పాటలు పాడుకుంటున్నాను.

ఈ హాయి నాకు సిగ్గుగా ఉంది పిచ్చుకా. ఇంట్లో గడవక వెళుతున్నానన్న మాట ఒకటి ఉంది కాబట్టి తల ఎత్తుకుని తిరుగుతున్నాను.

మీ అన్నయ్యకి నయమవుతోంది. కొంచెం కొంచెం.

నీ
వదిన

*

ప్రియమైన వదినకి,

నీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. నేను రాసిన రెండిటికీ జవాబు లేదు. మొన్న అన్నయ్యకి ఫోన్ చేస్తే, వెనక ఒకటే రొద. ఎక్కడున్నావన్నయ్యా అంటే, "ప్రెస్సులోనే" అన్నాడు. "కట్టలు ఎత్తనివ్వడం లేదు, మిషను దగ్గర కూర్చోబెట్టారు. రెండు నెలలు దాటింది, మీ వదిన రాయలేదా?" అన్నాడు.

రాసిందన్నాను. నీ పరువు నేను కాపాడాను.

కోపంగా రాస్తున్నానని అనుకోకు. కాదు, అనుకో. కోపంగానే రాస్తున్నాను. పోయిన వారం అమ్మ తుంటి మీద చర్మం కమిలి పుండులా లేచింది. వేళకి పక్కకి తిప్పాలని నువ్వు వెయ్యిసార్లు చెప్పావు. ఒక పెళ్ళివారి బట్టలు తీసుకుని ఉన్నాను, మిషను మీద నుంచి లేవలేదు. నా తప్పే. చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి కట్టు కట్టింది, మానుతోంది. ఆ పిల్ల, "ఇన్నేళ్ళూ ఒక్క పుండు పడకుండా ఎవరు చూసుకున్నారండీ" అని అడిగింది. ఏం చెప్పమంటావు?

అవసరం ఉన్నన్నాళ్ళు అన్నావు. సరేనన్నాను. ఇప్పుడు అవసరం తీరింది కదా. ఎప్పుడొచ్చి తీసుకెళతావు?

పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

నీ ఉత్తరం చదివాను. ఆ పుండు నా చేత్తో నేను చేసినట్టే అనిపించింది. నువ్వు నీ తప్పంటున్నావు, ఆ పని మీద నిన్ను కూర్చోబెట్టినది నేను.

మీ అన్నయ్య పనిలో చేరిన రోజే నీకు రాయాలని కూర్చున్నాను. మొదటి వాక్యం రాయగానే రెండో వాక్యం ఏమిటో తెలిసిపోయింది. వచ్చి అత్తయ్యని తీసుకొస్తానని రాయాలి. పెన్ను మూత పెట్టేశాను. మర్నాడు రాద్దామనుకున్నాను. అలా రెండు నెలలు.

నీ కోపం అందిన తర్వాత, పని మానేస్తానని చెబుదామని సూపర్‌వైజరు టేబుల్ ముందుకి వెళ్ళి నిలబడ్డాను. "ఏంటండీ" అన్నాడు. "మా వైపు ఫ్యాను స్విచ్ సరిగ్గా పడటం లేదు" అని చెప్పి వచ్చేశాను. సాయంత్రానికి బాగున్న స్విచ్ తీసేసి కొత్తది వేయించాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టవుతోంది.

దాచి ఏం లాభం. అవసరం తీరింది, నాకు మానాలని లేదు. ఇదే నిజం. నేను గడవక వెళ్ళాననే మీరంతా అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు గడుస్తోంది. అయినా పొద్దున్నే బస్సు రాగానే నా కాళ్ళు వాటంతట అవే ఎక్కేస్తున్నాయి. ఇప్పుడు మానేస్తే మళ్ళీ నన్నెవరూ తీసుకోరు. ఆ తలుపులన్నీ ఎలా ఉంటాయో ఒకసారి చూసి వచ్చాను.

అత్తయ్య మీద విసుగు పుట్టి కాదు. పుట్టలేదని కూడా అనను. అప్పుడప్పుడు పుట్టేది, దాచుకునేదాన్ని.

నువ్వు తీసుకెళ్ళమంటే వచ్చి తీసుకెళతాను, పని మానేస్తాను. మనసులో ఏమీ పెట్టుకోను. ఒక్క మాట రాయి, చాలు.

నీ
వదిన

*

ప్రియమైన వదినకి,

ఒక్క మాట రాయమన్నావు. ఏ మాట రాసినా పాపం నాకే చుట్టుకునేలా అడిగావు. తీసుకెళ్ళమంటే నీ పని పోగొట్టినదాన్నవుతాను. నా దగ్గరే ఉండనీ అంటే, ఎన్నాళ్ళు చూడగలనో నాకే తెలీదు. రెండు రోజులు నిన్ను తిట్టుకుంటూ, పిల్లల మీద అరుస్తూ తిరిగాను.

మూడోరోజు అమ్మే అడిగింది. "మీ వదిన ఏం రాసిందే?"

"అందరూ బాగున్నారట."

"బాగున్నారని రాస్తే నువ్వు రెండు సూదులు విరగ్గొట్టవు. చదువు."

చదివాను. పాతవి కూడా తియ్యమంది. స్కూల్లో ఆ పిల్ల అడిగినదీ, నువ్వు చెప్పినదీ, కుక్కాయన సంగతీ, నువ్వు కూనిరాగం ఆపేసిందీ, అన్నీ చదివాను. ఎక్కడా నవ్వలేదు, ఎక్కడా ఏడవలేదు. అయిపోయాక కిటికీ వైపు తల తిప్పుకుంది.

"ఇద్దరూ నా గురించి తెగ కుమిలిపోతున్నారు" అంది. "ఫోన్లో మాత్రం అమ్మని అడిగానని చెప్పు అని మీ అన్నయ్య, అత్తయ్యని అడిగానని చెప్పు అని మీ వదిన అంటారు. నన్ను ఏదైనా అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. చుట్టపుచూపని చెప్పి కుర్చీలో మోసుకొచ్చారు. చెయ్యీ కాలూ పడిపోయాయి గానీ నా చెవులు పడిపోలేదు కదే. ఇల్లు గడవడం లేదు, నేను పనికి వెళ్ళాలి అని చెబితే నేను కాదనేదాన్నా?"

"అందుకేనా ఫోన్ మోగగానే కళ్ళు మూసుకునేది?"

"మరి? పనికి వెళ్ళినందుకనుకున్నారా నా కోపం?"

అప్పుడడిగాను వదినా. ఈ వయసుకి మొదటిసారి. "అమ్మా, నీకెక్కడ ఉండాలనుంది?"

ఆలోచించనైనా లేదు. "నా గదిలో" అంది. నా మనసు చివుక్కుమంది. అది నా మొహంలో చూసినట్టుంది. "నీ దగ్గర బాగాలేదని కాదే. అక్కడ కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళు కనిపిస్తారు. ఇక్కడ ఆకాశం తప్ప మనిషి మొహం లేదు" అంది.

"వదిన పగలు ఇంట్లో ఉండదమ్మా."

"ఉండొద్దు. పని మానేసి వచ్చిందనుకో, మనసులో ఏమీ పెట్టుకోనంటుంది, రోజూ నా మంచం పక్కన నిట్టూర్పులు విడుస్తుంది. వినాల్సింది నేను. మనుషుల్ని పంపే ఆఫీసు ఉందని రాసింది కదా, పగటికి ఒక మనిషిని పెట్టమను. జీతానికి వచ్చే మనిషైతే నాకూ సుఖమే. దాహమేస్తే నోరు తెరిచి అడుగుతాను. ఈ పద్నాలుగేళ్ళూ గ్లాసు మంచినీళ్ళు కావాలన్నా, ముందు మీ వదిన మొహం చూసేదాన్ని. అలసిపోయి ఉంటే, దాహం లేదనుకుని పడుకునేదాన్ని."

నువ్వొక చోట, నేనొక చోట తప్పు చేశామని తలలు వంచుకుని తిరుగుతున్నాం. అమ్మ మంచం మీద పడుకుని, మనకంటే ముందు నుంచీ అదే పని చేస్తోంది.

వచ్చే మనిషి జీతంలో నా వంతు నేనిస్తాను, కాదనకు. నెలకోసారి వచ్చి రెండు రోజులుండి, ఆ మనిషికి సెలవిస్తాను. జాకెట్టు తొడగడం ఇప్పుడు నాకూ వచ్చు. ఇదంతా చేసినా, ఇన్నేళ్ళు రానిదాన్నన్న బాధ నాకు పోతుందనుకోను. ఉండనీ. నువ్వు మాత్రం పని మానకు.

అమ్మ పక్కనే ఉండి ఇది రాయిస్తోంది: అబద్ధం చెప్పి పంపినందుకు కోపం ఇంకా పోలేదట, త్వరగా పోతుందని కూడా అనుకోవద్దట. ఆదివారం నీకు సెలవు కాబట్టి వచ్చి తీసుకెళ్ళమంటోంది.

రెండిట్లో ఏది ముందు రాయమంటావని అడిగాను. ఎలా రాసినా మీ వదిన వస్తుందిలే అంది.

నీ
పిచ్చుక